తుండుగుడ్డ మంచు

ఏమోయ్ అల్లుడూ వెంకటరామారావూ, చాయ్‌లో చక్కెర మరిచావా, డబ్బా ఎక్కడుందో పదకొండేళ్ళుగా తెలియదా? పై అరలో, పసుపు డబ్బా వెనక. కూర్చో. నా మేనకోడలు, నీ పెళ్ళాం ప్రమీలారాణి కొత్తగూడెం ట్రైనింగుకి ఎట్లా పోయిందో చెబుతాను.

పోయిన కార్తీకంలో మన బొగ్గు గని రోడ్డు పక్కన ఆ మిషన్ దింపారు గదా. మంచులో ఎంత దూరం కనబడుతుందో చెప్పేది. స్తంభం మీద రెండు తలలు, నడుమ మూరెడు గాలి, కింద నుంచి ఆఫీసు కంప్యూటర్‌కి కేబుల్. సెట్ చేసే పని టెక్నీషియన్‌వని నీకిచ్చారు. నువ్వేమో దాని పుస్తకం ఇంగ్లీషులో ఉందని, అదే ఆఫీసులో టైపిస్టయిన నీ పెళ్ళాం ముందు పడేశావు. టిఫిన్ గిన్నె పక్కన పెట్టుకుని, అన్నం తినే అరగంటల్లో చదివింది. ఎన్ని సెకన్లకోసారి లెక్క పంపాలో, చూపు ఎంతకు తగ్గితే డంపర్లు ఆపమనాలో, నల్ల తెర మీద ఒక్కో ఆర్డరూ కొట్టి మిషన్‌కి నేర్పింది. రిజిస్టర్‌లో సంతకం నీది. "నువ్వు మిషన్ అద్దాలు తుడువు, చాలు" అన్నావు దానితో. నేను గేటు వాచ్‌మన్‌ని కదా, అక్కడే బీడీ కాలుస్తున్నాను.

ఆ మధ్యాహ్నం ప్రమీల నాతో అంది: "ముందుగాల ఓపెన్ అని కొట్టాలె మామా. అప్పుడు అది తన మాట బందుపెట్టి మనది వింటది. క్లోజ్ అనేదాక నడుమ నోరు తెరవది. ఇంట్ల గిట్ల వినేటోళ్ళు ఒక్కరు లేరు." నవ్వలేదు. చెయ్యి కడుక్కుంటూ ఇంకో మాట అంది: "ఆ రెండు తలల నడుమ ఒక తెల్లబట్ట ఏలాడినా చాలు, మంచనుకుంటది."

నాకు చెప్పే మాటేనా అది? నీ పెళ్ళిలో వియ్యాలవారి చెప్పులు మార్చిన చెయ్యి ఇది.

మిషన్ సెట్ చేసినవాళ్ళనే ట్రైనింగుకి పంపి, దాన్ని నడిపే సీటు ఇస్తామని పెద్దసారు చూడ్డానికొచ్చాడు. నీ మొహం చూద్దామని పొద్దున్నే నా తుండుగుడ్డ ఆ రెండు తలల నడుమ కట్టాను. బయట ఫెళ్ళున ఎండ, తెర మీద చూపు నలభై మీటర్లే.

"గిదేంది?" అన్నాడు సారు.

నువ్వు టకటకా ఏవేవో కొట్టావు. ఓపెన్ అననిదే అది వినదని నీకు తెలియదు. "ఖరాబైంది సార్" అన్నావు.

ప్రమీల కుర్చీ జరుపుకుంది. ఓపెన్ కొట్టింది, నాలుగు వరసలు చదివింది.

"మిషన్ మంచిగనే ఉంది సార్. అద్దాలు సాఫే. నడుమ ఏదో అడ్డమున్నది."

"ఎవరు సెట్ చేసిండ్రు దీన్ని?"

నీకేసి చూడలేదు. "నేనే సార్" అంది.

నిన్న దాన్ని బస్సెక్కిస్తూ, ఆ గుడ్డ ఘనకార్యం నాదేనని మీసం దువ్వాను. కిటికీలోంచి తాపీగా చూసింది.

"నువ్వు కడుతుంటే చూసిన మామా."

"మరి తియ్యలేదేందే?"

"తీసేటందుకా నేను నీకు చెప్పింది?"