వెనక్కి తాగే కొళాయి

"నీళ్లు పట్టేది గూడా ఒక పనేనా? దానికింత మొగం మాడ్చుకోవాల్నా?" అన్నాడు మునిచంద్ర, నవనీత గుంతలోంచి ఎత్తి మోసుకొచ్చిన నీళ్లతోనే గడ్డం గీసుకుంటూ. నురగ పూసిన ముఖంతో అద్దంలోకి చూస్తూనే అన్నాడు. వెనక్కి తిరిగి పెళ్లాం ముఖం చూసే తీరిక ఎక్కడిది పాపం, ఊరి పెద్దమనిషికి! ఆమె మోకాళ్లదాకా బురదైన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ వాకిట్లో నిలబడి ఉంది.

గుంత అంటే కొళాయి గుంత. అవి తొంభైల చివర కరువు ఏళ్లు. మదనపల్లెలో వాళ్లుండే వీధికి కొళాయి నీళ్లు ఎప్పుడో గానీ వచ్చేవి కావు, వచ్చినా మెట్టకు ఎక్కే బలం ఉండేది కాదు. అందుకని ప్రతివాళ్లూ ఇంటిముందు గుంత తవ్వి, కొళాయిని నేలకంటే కిందికి దించుకున్నారు. ఎంత లోతు తవ్వితే అంత ముందుగా నీళ్లు. మునిచంద్ర గుంత అందరికంటే లోతైంది. ఇద్దరు కూలీలు తవ్వుతుంటే గట్టున నిలబడి సిగరెట్టు కాల్చి, తనే తవ్వినట్టు అలిసిపోయాడు. ఆ తర్వాత అందులోకి ఒక్కసారి దిగిన పాపాన పోలేదు. కరెంటు ఉంటే నీళ్లు మోటరు లాగేది, లేకపోతే నవనీత లాగేది. నీళ్లొచ్చే వేళకు కరెంటు ఉండటం అరుదు గనక, దిగేదీ వంగేదీ బిందె తలకెత్తి గట్టుమీద పెట్టేదీ ఎక్కువగా ఆమే.

ఆ కొళాయికి తిప్పి మూసే తల కూడా లేదు. తల ఉంటే ధార తగ్గుతుందని పీకించేశాడు. ఒట్టి పైపుకు రబ్బరు ట్యూబు తొడిగి, దాని కొస గుంత అడుగున పడేసి ఉంచడం ఆ వీధి పద్ధతి. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు, అందుకని మూయకూడదు. గుంతలో చప్పుడైతే ఆడవాళ్లు పొయ్యిమీదది పొయ్యిమీదే వదిలేసి పరుగెత్తుకు రావాలి. ఈ పద్ధతికి అవసరమైన ట్యూబులూ మోటర్లూ అమ్మేది కూడా మునిచంద్రే. పుంగనూరులో పెట్టిన మొదటి అంగడి మూతపడితే మదనపల్లెకొచ్చి పైపుల అంగడి పెట్టాడు. ఊరికి కరువొచ్చింది, అతనికి కలిసొచ్చింది.

నీళ్లు ఆగిపోయాక గుంతలో మిగిలేది నవనీత ఒక్కతే. గుంత అడుగున ఎప్పుడూ మురికినీళ్లు నిలిచి ఉండేవి. పక్కనే మురుగుకాలవ. మిద్దెమీద బాడుగకిచ్చిన గదుల కక్కసు నీళ్లు కూడా ఆ కాలవలోకే పోతాయి, అక్కడినుంచి ఊటగా గుంతలోకి వస్తాయి. ఎండాకాలంలో ఒకరోజు బిందెలన్నీ ఎత్తిపెట్టి నడుం పట్టుకుని నిలబడితే, కాళ్లదగ్గర గుటకలు మింగుతున్న చప్పుడు వినిపించింది. చూస్తే, ఆ నల్లనీళ్లు సబ్బు నురగతో సహా ట్యూబులోకి వెనక్కి పోతున్నాయి. కొళాయి తాగుతోంది. ఆ తాగింది ఎక్కడికి పోతుందో ఆలోచించడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. పైపు వాలుగా దిగువకు పోతుంది, కరెంటుంటే కిందివాళ్ల మోటర్లు ఇంకా లాగుతాయి. దిగువనున్న మొదటి ఇల్లు సిద్ధమ్మది.

అన్నం వడ్డిస్తూ ఆ మాట చెప్పింది. మునిచంద్ర ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. "కొళాయి నీళ్లిస్తాది గానీ తాగుతాదా? పైపులమ్మి బతికేవానికి నువ్వు పైపుల సంగతి చెప్తాండావా? కుప్పంలో మీ నాయన ఇదే నేర్పించి పంపినాడా?" ఆమె ఏం మాట్లాడినా అతను కుప్పాన్ని ఈడ్చుకొచ్చేవాడు. ఉప్పు ఎక్కువైతే కుప్పం, పిల్లకు జ్వరమొస్తే కుప్పం. అత్త తులసమ్మ పక్కనుంచి అందుకుంది. "నేనూ ఇన్నేండ్లు నీళ్లు పట్టినా. నాకెప్పుడూ గుటకలు వినపళ్లా. పని ఎగ్గొట్టాలనుకునేవాళ్లకు ఇట్లాంటివన్నీ వినపడతాయి లేమ్మా." ఇద్దరూ అంత ధీమాగా అంటే, నవనీతకు తన కళ్లమీద తనకే అనుమానమొచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ గుంతలో నిలబడి ఆ చప్పుడు వింటూ, వినలేదేమో అనుకునేది.

వానలు మొదలయ్యేసరికి సిద్ధమ్మ కూతురు రూప కాన్పుకు పుట్టింటికొచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే కళ్లు పచ్చబడ్డాయి. ఆ వరసలో ఇంకా నలుగురైదుగురికి కామెర్లు. పెద్దమండ్యం తీసుకుపోయి పసరు పోయించారు. ముదిరాక తిరుపతి ఆస్పత్రికి పరుగెత్తారు. రూప బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు. ఒట్టి చేతులతో ఇంటికొచ్చి, గోడకానుకుని కూర్చుని, మళ్లీ ఆ కొళాయి నీళ్లే తాగుతోంది ఆ పిల్ల.

మునిచంద్రకు ఇంతకంటే మంచి అదను దొరుకుతుందా? వచ్చే మునిసిపల్ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని అతనికి ఎప్పట్నుంచో ఉంది. ఖాళీ బిందెలతో ఆడవాళ్లను పోగేసి ఆఫీసు ముందు ధర్నా పెట్టాడు. నవనీతను ముందు వరసలో నిలబెట్టి, ఫోటోలో బాగా పడేలా బిందె ఇంకాస్త పైకెత్తమన్నాడు. "మన ఆడబిడ్డలకు విషం తాపిస్తాండారు! లోకం సూడని పసికందును మింగినారు!" అని గొంతు చించుకుంటుంటే, ఈశ్వరమ్మ లాంటి ముసలమ్మలు కళ్లు ఒత్తుకున్నారు. సిద్ధమ్మ అతనికి చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండాన్ని అతను ఎంత ఒద్దికగా అందుకున్నాడో చూసి నవనీత ఎత్తిన బిందె దించేసింది.

సాయంత్రం అతను మెళ్లో దండతో ఇంటికొచ్చి మంచంమీద కాళ్లు చాపుకున్నాక అడిగేసింది. "ఆ బిడ్డను మింగింది మన గుంత కాదా?"

"యాల అరుస్తావు? అమ్మకు వినపడతాది" అన్నాడు మునిచంద్ర, దండ తీసి పక్కన పెడుతూ. "నాకు తెల్దనుకున్న్యావా? పైపుకు వాల్వు లేకపోతే నీళ్లు వెనక్కి పోకుండా ఎట్లుంటాయి? పోయిన నీళ్లు తిరిగి రాకుండా ఆపే వాల్వులు నా అంగట్లో గంపెడు పడుండాయి. ధార తగ్గుతాదని ఒక్కడూ కొనడు. నేను పోయి, మీ గుంతలూ మోటర్ల వల్లనే రోగాలని చెప్తే, రేపట్నించి అంగడి మెట్టెక్కేదెవడు? ఓటేసేదెవడు? సరే గానీ, నాలుగు బజ్జీలు ఎయ్యి, ఆకలైతాండాది."

ఆమె వెళ్లి బజ్జీలు వేసింది. నూనె కాగుతుంటే తనలో తనకే ఆశ్చర్యమేసింది, ఏడుపు రావడంలేదు. ఇన్నేళ్లూ అతను గొంతు పెంచితే కడుపులో ఏదో ముడిపడేది. దాన్ని భయమనుకుంది, గౌరవమనుకుంది, ఒక్కోసారి ప్రేమేనేమో అని కూడా సరిపెట్టుకుంది. ఇప్పుడు చూస్తే అది ఒట్టి చీదర. తెలియనివాడైతే పోనీలే అనుకోవచ్చు. తెలిసి, ముద్ద నోట్లో పెట్టుకుని నవ్విన మనిషి ఇతను. ఆమె చెప్పింది నిజమని తెలిసే ఆమె చెవుల్నీ, ఆమె ఊరినీ, ఆమె తండ్రినీ ఎగతాళి చేశాడు. పొద్దున్నే నోరు పుక్కిలించడానికి కూడా ఆమె ఎత్తిన నీళ్లు కావాలి, ఆమె మాట మాత్రం అక్కర్లేదు. పోనీ వీధిలోకి వెళ్లి చెబితే? "మీ ఆయన ఏమన్నాడు?" అని అడుగుతారు. ఆ వీధిలో ఆడదాని మాట మొగుడి ముద్ర పడితేగానీ చెల్లదు. మాట కాదు, కళ్లకు కనబడేది కావాలి వాళ్లకు. బజ్జీలు మాడిన వాసన వచ్చింది. ఆ మాడినవే పళ్లెంలో వేసి పెట్టింది.

మరుసటిసారి నీళ్లొచ్చినప్పుడు తన బిందెలు నింపుకున్నాక నవనీత సిద్ధమ్మ ఇంటికి దిగింది. "అక్కా, ఇప్పుడు పట్టింది కాచి తాపు. మళ్లీసారి వచ్చే కొళాయి నీళ్లు మాత్రం రూపకు ఒక్క చుక్క గూడా తాపొద్దు. బోరింగు నీళ్లు తెచ్చుకో. యాలని ఇప్పుడు అడగొద్దు" అంది. ధార సన్నబడుతుండగా తిరిగొచ్చి, మీటింగు చొక్కాలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చి మొత్తం గుంతలో ఒంపేసింది. అడుగునున్న మురికినీళ్లు చిక్కగా నీలమెక్కాయి. కాసేపటికి ట్యూబు గుటకలు వేయడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఈసారి ఆమెకు అనుమానం లేకుండా వినబడింది.

మళ్లీ నీళ్లొచ్చిన పొద్దున దిగువనుంచి కేకలు. సిద్ధమ్మ బిందెలో నీలం నీళ్లు, ఈశ్వరమ్మ బకెట్లో నీలం నీళ్లు. అందరూ బిందెలతో సహా నేరుగా మునిచంద్ర ఇంటికొచ్చారు. మరి నాయకుడు కదా! అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, బిందెలోకి తొంగిచూసి, అప్పటికప్పుడు గొంతెత్తాడు. "సూసినారాప్పా! ఇంతకాలం విషం తాపినారు, ఇప్పుడు రంగునీళ్లు తాపిస్తాండారు. పదండి ఆఫీసుకాడికి! నవనీతా, నువ్వూ బిందె తీసుకోని రా!"

"ఆఫీసుకు యాల?" అంది నవనీత గుంతలోంచే. "ఆ నీలిమందు పోసింది నేను. ఈ గుంతలో పోసినా."

జనం గుంత చుట్టూ మూగారు. గోడలకింకా నీలం అంటి ఉంది. ఆమె ట్యూబు కొస పైకెత్తి చూపించింది. "నీళ్లు ఆగిపోతానే ఇది వెనక్కి తాగుతాది. కాలవ నీళ్లు, మా కక్కసు నీళ్లు, అన్నీ తాగి కిందికి పంపిస్తాది. మీ గుంతల్లో ట్యూబులూ ఇంతే, మీ కిందోళ్లకు."

"దీనికి మతి సరిగ్గా లేదప్పా" అని నవ్వాడు మునిచంద్ర. తులసమ్మ వాకిట్లోంచి "ఇంట్లోకి రావే, మానం తీస్తాండావు" అని అరిచింది. సిద్ధమ్మ మాత్రం బిందె కింద పెట్టి, గుంతలోకి వంగి ఆ నీలం చూసింది. తర్వాత తలెత్తి, "మునిచంద్రా, ఇది నీకు ముందే తెలుసునా?" అని అడిగింది.

"మా యమ్మ మీద ఒట్టు, నాకేం తెల్దక్కా!"

సిద్ధమ్మ అతన్ని వదిలేసి నవనీత వైపు తిరిగింది. ఆమెతోపాటు అందరూ తిరిగారు. మొగుడు చెప్పేశాక పెళ్లాం ఏమంటుందోనని ఆ వీధి ఎదురుచూడటం అదే మొదటిసారి. మునిచంద్ర కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఆ చూపు ఎదురుగా చూసినా నవనీతకు జాలి కలగలేదు.

"తెలుసక్కా" అంది. "చెప్తే మోటర్లు అమ్ముడుపోవన్నాడు."