మస్కట్ రోడ్డు బొమ్మ

శుక్రవారం సాయంత్రం నాలుగవుతోందంటే నసీమున్నీసాకి కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. మిరప కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని ముగించుకుని, గుంటూరు పొన్నూరు రోడ్డులో జయకుమారి నడిపే ఇంటర్నెట్ సెంటర్‌కి పరుగులాంటి నడకతో వచ్చేది. ఆమె భర్త నన్నే సాహెబ్ మూడేళ్లుగా మస్కట్‌లో నీళ్ల ట్యాంకర్ తోలుతున్నాడు. అక్కడి పెద్ద రోడ్డు మీద కెమెరా ఉందని, దాని బొమ్మ ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చని ఆయనే ఫోన్లో చెప్పాడు.

"బొమ్మ నిమిషానికోసారి మారుద్దంట. మీకు నాలుగయ్యే టయానికి వంతెన పక్కన బండాపి నిలబడతా. చూడు."

"అంత దూరాన నువ్వేనని ఎట్టా తెలుసుద్ది?"

"ఆ ఎండలో నిమిషంపాటు కదలకుండా నిలబడే పిచ్చోడు ఇంకెవడుంటాడే!"

నిజంగానే కనిపించాడు. బియ్యపుగింజంత తెల్లచొక్కా, పక్కన నీలం ట్యాంకర్. మొహం తెలియలేదు. అయినా ఆమె కొంగు సర్దుకుంది. ఆ తర్వాత ఒక్క శుక్రవారం మానలేదు. అక్కడ దుమ్ము లేస్తే ఇక్కడ దగ్గేది. బళ్లు కిక్కిరిస్తే ఆయనకి అన్నం ఆలస్యమవుతుందని బెంగపడేది.

2007 జూన్ మొదట్లో, ఒక సోమవారం ఆయన ఫోన్ చేశాడు. "తుఫాను వస్తందంట."

"తుఫాను సంగతి మనకి తెలియందా? గది దాటి కదలమాక."

"కదలనులే."

బుధవారం పనిలో మనసు నిలవలేదు. సగంలో లేచి సెంటర్‌కి వచ్చేసింది. జయకుమారి అడక్కుండానే ఆ పేజీ తెరిచింది. రోడ్డు లేదు. బురదనీళ్లు కాలవలా పారుతున్నాయి. ఒక కారు పైకప్పు మాత్రం తేలి కనబడుతోంది.

"ఆయన బండి లేదు. గదిలోనే ఉన్నాడు," అంది నసీమున్నీసా. ఆ ఒక్క మాటకే ఆమె మొహం తేటపడింది.

కాసేపటికి బొమ్మ మారడం మానేసింది. మూలనున్న టైము అక్కడే ఆగిపోయింది.

"కెమెరాకి కరెంటు పోయుంటుందక్కా," అంది జయకుమారి. సెంటర్ మూసేదాకా నసీమున్నీసా కుర్చీ వదల్లేదు. కారం అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకోలేక, అట్లాగే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆయన ఫోన్ కలవలేదు. ఆదివారం ఆయన గదిలో ఉండే మనిషి ఫోన్ చేశాడు. పక్కనున్న లేబర్ క్యాంపులోకి నీళ్లొస్తే నన్నే సాహెబ్ పదకొండు మందిని ట్యాంకర్ పైకెక్కించి మెరకకి చేర్చాడట. మిగిలినవాళ్ల కోసం మళ్లీ వెళ్తే వాగు బండితో సహా ఆయన్ని లాక్కుపోయింది. శవాన్ని మస్కట్‌లోనే మట్టి చేశారు.

భర్త పోయాక పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా గడిపి, ఆమె మళ్లీ సెంటర్‌కి వచ్చింది. జయకుమారి భయంభయంగా పేజీ తెరిచింది. కెమెరా పనిచేస్తోంది. ఎండ, నల్లటి కొత్త రోడ్డు, బారులుగా బళ్లు.

"జయా, ఆయన్ని మట్టి చేసిన ఖబరస్తాన్ దగ్గర ఇట్టాంటి కెమెరా ఉండదా?"

ఉండదని జయకుమారికి తెలుసు. అయినా చాలాసేపు వెతికింది. "లేదక్కా," అంది చివరికి.

"పోన్లే. ఆ రోడ్డు మూసెయ్యి. ఏమీ జరగనట్టు పోతన్నారు చూడు, వాళ్లని చూస్తే కడుపు మండిపోతంది."

జయకుమారి పేజీ మూసేసింది. నసీమున్నీసా మళ్లీ ఆ సెంటర్ మెట్లు ఎక్కలేదు.