మరిగించిన స్పాంజి

స్వర్ణకు మురికంటే పడదు. రాజాంలో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో పన్నెండేళ్ళుగా నర్సు. కత్తెరలు మరిగించడం, గిన్నెలు మరిగించడం, ఊరుకుంటే డాక్టర్ని కూడా మరిగించేసే రకం. అలాంటి మనిషి ముప్పై ఆరో ఏట ఇమ్మానుయేల్ని చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఇమ్మానుయేలు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. మొదటి భార్య దేవమణి రెండేళ్ళ కిందట కేన్సరుతో పోయింది. పదకొండేళ్ళ కూతురుంది, మెర్సీ.

ఐదు నెలలైనా మెర్సీ స్వర్ణను ఏ వరసా పెట్టి పిలవలేదు. పిన్నీ అనమని తండ్రి చెప్పాడు, పాస్టరమ్మగారూ చెప్పారు. ఆ పిల్ల తల ఊపేది, అంతే. ఏదైనా కావాలంటే వచ్చి ఎదురుగా నిలబడి, స్వర్ణ తనవైపు చూసేదాకా ఆగి, అప్పుడు అడిగేది. స్వర్ణకు పిల్లలు పుట్టరని డాక్టర్లు ఎప్పుడో తేల్చేశారు. దాచడమెందుకు, ఆ ఒక్క పిలుపు కోసం ఆమె మొహం వాచిపోయి ఉంది.

ముందుగదిలో మూడడుగుల చేపల తొట్టె దేవమణిది. పైన గప్పీలు, నడుమ గుంపుగా నియాన్ టెట్రాలు, అడుగున ఇసుక కెలుక్కుంటూ కోరీలు. ఏ చేపకి ఏది పొసుగుతుందో, ఏది పొసగదో కూతురికి ఎక్కాల్లా నేర్పి మరీ పోయిందావిడ. మేత వేయడం, నీళ్ళు మార్చడం ఇప్పుడు మెర్సీయే. ఫిల్టరు జోలికి మాత్రం కరెంటు భయంతో పిల్లను పోనిచ్చేవారు కాదు. ఇమ్మానుయేలు గుర్తొచ్చినప్పుడు దాని స్పాంజిని తీసి, తొట్టెలోంచి తోడిన నీళ్ళలోనే ఓసారి పిండి పెట్టేసేవాడు.

అలా ఉండగా చర్చి ఆడవాళ్ళ కూటం ఆ ఆదివారం వీళ్ళింట్లో పడింది. కూటానికి వచ్చేవాళ్ళు చెవులు వాక్యానికిచ్చినా, కళ్ళు మాత్రం మూలల్లో బూజుకే ఇస్తారు. అందులోనూ రెండో పెళ్ళాం కాపురం, చూడకుండా వదుల్తారా? శనివారం సెలవు పెట్టి స్వర్ణ ఇల్లంతా కడిగింది. చివరికి ఫిల్టరు మూత తీసింది. స్పాంజి నిండా గోధుమరంగు జిగురు. లోపలి పింగాణీ ముక్కలకీ అదే. ఇన్నాళ్ళూ ఈ చీదర పక్కనా అన్నం తిన్నాం అనుకుంది. అన్నీ తపేలాలో వేసి ఇరవై నిమిషాలు మరిగించింది, ఎండలో ఆరబెట్టింది, మళ్ళీ బిగించింది. తండ్రీకూతుళ్ళు ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కూటంలో అందరూ తొట్టెను మెచ్చుకున్నారు. దేవమణి ఉన్నప్పటికంటే బాగుందని ఒకావిడ అననే అంది. స్వర్ణకు లోపల గర్వంగానే ఉంది.

సోమవారం రెండు గప్పీలు తేలాయి. మంగళవారం ఐదు టెట్రాలు. మిగిలినవి నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగపోస్తున్నాయి. మెర్సీ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతోంది. తల్లి చేపలు కదా, బెంగ పెట్టుకుందనుకున్నారు.

బుధవారం డ్యూటీ దిగాక స్వర్ణ తొట్టెనీళ్ళు సీసాలో పోసుకుని పాలకొండ రోడ్డులో చేపలమ్మే మురళీమోహన్ దగ్గరికి వెళ్ళింది. అతను చిన్న గొట్టంలో ఆ నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాడు. పసుపుగా ఉండాల్సిన నీళ్ళు ముదురాకుపచ్చకు తిరిగాయి. ఈమధ్య ఫిల్టరు కడిగారా అని అడిగాడు. ఉడకబెడితే ఏమవుతుందని స్వర్ణ ఎదురడిగింది.

"ఉడకబెట్టీసారా?" మురళీమోహన్ నెత్తిమీద చెయ్యేసుకున్నాడు. "ఆ జిగురు మురికి కాదమ్మా. కంటికి కనపడని జీవులు. సేపల రొచ్చుని తినీసి నీళ్ళని బాగుసేసేది అవే. అవి సస్తే రొచ్చంతా విషమైపోతాది. ఎవులు సేసారీ పని?"

స్వర్ణకు దొంగకు తేలు కుట్టినట్టయింది. జన్మంతా సూక్ష్మజీవుల్ని చంపుతూ జీతం తీసుకున్న మనిషి, వాటిని చంపినందుకే తల దించుకోవలసి వచ్చింది. ఇంట్లో ఎవరో తెలియక చేశారని నసిగింది. అతను తన తొట్టెలో నానుతున్న పాత స్పాంజి ఒకటి తీసి నీళ్ళతో సహా కవర్లో కట్టిచ్చాడు. మేత ఆపేసి, రాత్రంతా పట్టి ఉంచిన నీళ్ళతో రోజూ మూడోవంతు మార్చమన్నాడు.

ఇంటికి రాగానే స్పాంజి పెట్టేసి, మెర్సీతో చెప్పెయ్యాలనే అనుకుంది. దారంతా మాటలు కూడా కూర్చుకుంది. తీరా ఇంటికొచ్చి ఫిల్టరు మూత వేస్తుంటే మెర్సీ వచ్చి చేతులు గట్టిగా పట్టేసుకుంది. పోయిన వారం మూడు టైగర్ బార్బులు కొని తెచ్చి తొట్టెలో వేసిందట. గప్పీల్లో వాటిని వెయ్యొద్దని, తోకలు కొరికేస్తాయని తల్లి ఎన్నోసార్లు చెప్పిందట. చారలు బాగున్నాయని వినలేదట.

"మా అమ్మ సేపల్ని నానే సంపీసాను పిన్నీ," అంది. "నాన్నకి సెప్పకు."

అని ఆమె నడుం చుట్టేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఐదు నెలలు కాచుకున్న మాట స్వర్ణ చెవిలో పడింది, చేతుల్లో పిల్ల ఉంది. "ఊరుకో అమ్మా, ఎవులికీ సెప్పను," అంది. ఇంతకంటే పాపిష్టి ఓదార్పు ఉండదని ఆ క్షణానే ఆమెకు తెలుసు.

గురువారం బార్బుల్ని తిరిగిచ్చేయడానికి స్వర్ణ వెళ్తే మురళీమోహన్ ఆ ఉన్న కాస్త సందేహాన్నీ తీర్చేశాడు. అవి తోకలు కొరుకుతాయి గాని రెండు రోజుల్లో ఇన్నింటిని చంపవన్నాడు. చావంతా నీళ్ళలోనే ఉందన్నాడు. చేపలు చావడం నెమ్మదిగా తగ్గింది. మెర్సీ మాత్రం స్వర్ణ కొంగు వదలలేదు. జడ వేయించుకుంది, పక్కన పడుకుంది, పిన్నీ పిన్నీ అంటూ వంటింట్లో తిరిగింది. అన్నం మాత్రం స్వర్ణ కలిపి పెడితే మూడు ముద్దలు, ఆపైన వద్దు. నిద్రలో ఉలిక్కిపడుతోంది. చిన్నపిల్ల, నాలుగు రోజులకి అదే మరిచిపోతుందని స్వర్ణ తనకు తాను సర్దిచెప్పుకుంది. మనసు మాత్రం సర్దుకోలేదు.

శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేయడం ఆ ఇంటి అలవాటు. ఇమ్మానుయేలు అయ్యాక మెర్సీ వంతు వచ్చింది.

"ప్రభువా, మా అమ్మ నీకాడే ఉన్నాది కదా. సేపలు నానే సంపానని ఆమెతో సెప్పు. నామీద కోపం పెట్టుకోవద్దని సెప్పు. నాను సచ్చిపోయి ఆడికొస్తే నన్ను దగ్గరికి రానియ్యమను."

ఇమ్మానుయేలు కళ్ళు తెరిచి అయోమయంగా చూశాడు. ఆమెన్ అనాల్సిన చోట స్వర్ణ మెర్సీ వైపు తిరిగింది. తను ఈ పిల్ల దగ్గర దొంగిలించింది ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. చచ్చిపోయిన తల్లిని.

"నువ్వు సంపలేదమ్మా," అంది. "నేనే. పోయిన శనివారం ఫిల్టరు ఉడకబెట్టీసాను. నీళ్ళు విషమైపోనాయి. నీ బార్బులు కావు."

"నీకెప్పుడు తెలిసింది?" అని మెర్సీ అడిగింది.

"బుధవారం."

"మరి నానంత ఏడిస్తే సెప్పలేదేటి?"

"పిన్నీ అన్నావు. సెప్తే మళ్ళీ అనవని భయమేసింది."

అంతకంటే మంచి జవాబు స్వర్ణ దగ్గర లేదు. ఉన్నా ఆ పూట అబద్ధమే అయ్యేది. మెర్సీ లేచి తండ్రి పక్కకు వెళ్ళి కూర్చుంది. "నాను సంపలేదు నాన్నా," అంది. ఇంకోసారీ అంది. ఆ మొహంలో వారం రోజుల బరువు దిగిపోవడం స్వర్ణ కళ్ళారా చూసింది. తన వైపు మాత్రం ఆ మొహం తిరగలేదు.

భోజనాల దగ్గర మెర్సీ రెండుసార్లు అన్నం అడిగింది. పప్పు మళ్ళీ వేయించుకుంది. మజ్జిగ పోసుకుని కంచం ఊడ్చి తింది. స్వర్ణ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ పిల్ల కడుపు నిండినందుకు సంతోషపడుతూ, కళ్ళు తుడుచుకుంటూ చూసింది. వడ్డించింది ఇమ్మానుయేలు.