దారాల బల్ల

చొక్కా చేతి అంచున వేలాడుతున్న దారాన్ని టక్కున కత్తిరించి, చొక్కాను పక్కకు నెట్టి, ఆమె ఇంకోటి లాక్కుంది. చేతులు పని మీదే ఉన్నాయిగానీ కాలికి మాత్రం నిలకడ లేదు. బల్ల కింద అక్కడ లేని మిషన్ పెడల్‌ను కుడిపాదం తొక్కుతూనే ఉంది.

ఆ దుస్తుల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె 'అయిపోతుందిలే'. ఎవరే కష్టం చెప్పుకున్నా ఆమె నోట వచ్చేది ఆ మాటే మరి. నలభై దాటాక, మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీసే వేళ, ఖాళీ మిషన్ ముందు కూర్చుని గుడ్డపీలికల మీద జేబులు కుట్టడం నేర్చుకుంది. బల్ల దగ్గర ఆమె పక్కనే కూర్చునే ముసలావిడను అందరూ అత్త అంటారు. అనుకున్నవన్నీ అయిపోయేట్టయితే తానీపాటికి ఈ ఫ్యాక్టరీకి యజమానురాలై ఉండేదని అత్త రోజూ ఎత్తిపొడిచేది.

ఇప్పుడు దారాలు కత్తిరించే యంత్రం వచ్చింది. ఈ సాయంత్రంతో బల్ల ఎత్తేస్తారు. కుట్టు పరీక్ష నెగ్గినవాళ్లకు మిషన్, మిగతావాళ్లకు ఇంటిదారి. అత్త పరీక్షకు పేరే ఇవ్వలేదు. 'అయిపోతుందిలే' మాత్రం ఇచ్చింది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

సూపర్‌వైజర్ పిలిచాడు. ఒక ఈలకు మొదలుపెట్టి, ఇంకో ఈల మోగేలోగా మూడు జేబులు కుట్టాలి. మొదటి జేబు తిన్నగానే వచ్చింది. కానీ కుట్టు ఆగిన ప్రతిచోటా చెయ్యి మెడలో వేలాడే కత్తెర మీదికి పోయింది. మిషన్ మీద కుట్టేవాళ్లెవరూ దారాలు కత్తిరించరు, అలాగే వదిలేసి తర్వాతిది అందుకుంటారు. ఆమెకేమో వేలాడే దారం కనపడితే ప్రాణం ఒప్పదు. ఈల మోగేసరికి మూడో జేబు ఇంకా చేతిలోనే ఉంది.

సూపర్‌వైజర్ పెదవి విరిచాడు. ఆమె లేవలేదు.

"ఇంకొక్కసారి చూడండి సార్. కుట్టడం వచ్చు నాకు. ఈ చెయ్యే మాట వినట్లేదు."

అతను విసుక్కుంటూనే సరేనన్నాడు. అంతలో వెనకనుంచి రెండు చేతులు వచ్చి ఆమె మెడలోంచి కత్తెర తాడు తీసేశాయి. చూస్తే అత్త.

"ఇది లేకపోతే చెయ్యి అదే ఊరుకుంటుంది. దారాల సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు కుట్టు, పిల్లా."

మళ్లీ ఈల మోగింది. ఒక్కసారి చెయ్యి మెడ దాకా వెళ్లి, ఏమీ దొరక్క, గుడ్డ మీదికి తిరిగి వచ్చింది. ఆ తర్వాత అటు వెళ్లలేదు. మూడో జేబు పూర్తయ్యాక కూడా రెండో ఈల మోగలేదు. రేపట్నుంచి ఈ మిషన్ నీదేనని సూపర్‌వైజర్ చెప్పగానే ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. ముందు అత్తకు చెప్పాలని పరుగున వచ్చింది.

బల్ల దగ్గర ఎవరూ లేరు. తన వంతు చొక్కాలు కూడా దారాలు తీసి దొంతరగా పేర్చి ఉన్నాయి. అత్త ఇందాకే వెళ్లిపోయిందని గేటు మనిషి చెప్పాడు. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నా అత్త ఇల్లెక్కడో తానెప్పుడూ అడగలేదని అప్పుడు తట్టి, ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

చొక్కాల పక్కన, విరిగిన కాడకు తెల్లదారం చుట్టిన అత్త కళ్లజోడు మడిచి పెట్టి ఉంది. దారాలు చూడటానికి తప్ప అత్త దాన్ని ఎప్పుడూ పెట్టుకునేది కాదు.