పాము పెట్టెలో కొమ్ము పురుగులు

పందెంలో ఓడిపోయిన కొమ్ము పురుగును కోళ్ళకు వేయడం నాన్ అనే మా పట్నంలో అందరూ చేసే పనే. వానలు తగ్గే నెలలో ఏ ఇంటి ముందు చూసినా మొద్దు మీద రెండు పురుగులు కొమ్ములు కలిపి తోసుకుంటుంటాయి, చుట్టూ మగాళ్ళు చేరి గోల చేస్తుంటారు. నేను అటు చూడకుండా కుట్టు మిషను తొక్కుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఎదురింటి మూన్ మామ మూడు పురుగుల్ని కోడి ముందుకు విసరబోతుంటే ఒళ్ళు మండి లేచాను.

"ఆపు మామా! నిన్నటిదాకా చెరకు పెట్టి ముద్దు చేశావు కదా వాటిని!"

"ఓడినవాటిని ఎవరు మేపుతారే పేంగ్? నువ్వు మేపుతావా?"

"మేపుతా. ఇలా ఇవ్వు."

"ఎక్కడ పెడతావ్, నీ పాము పెట్టెలోనా?"

అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చి అవునన్నాను.

"నీకేమైనా మతి పోయిందా? పామూ పురుగూ ఒక్కచోట బతుకుతాయా?"

"నా నూన్ ఎలుకలు తప్ప ఏదీ ముట్టదు. నీకేం తెలుసు పాముల సంగతి! పురుగులే లోకం నీకు. మీ ఆవిడ ప్రాణం పోతున్నప్పుడు కూడా ఈ మొద్దు దగ్గరే ఉన్నావు."

నవ్వులు ఆగిపోయాయి. మామ మూడు పురుగుల్నీ నా చేతిలో పెట్టి, తల వంచుకుని మొద్దు తుడుచుకున్నాడు. ఛీ, ఏం నోరు నాది! అప్పుడే అనుకున్నాను, కానీ వెనక్కి తిరగలేదు.

నూన్ అంటే నా కొండచిలువ. చిన్న జాతిది, మూడడుగులుంటుంది. మొగుడు వదిలేసి పోయాక, ఏడేళ్ళ కిందట కొన్నాను. అది వచ్చాక ఈ ఇంటి గడప తొక్కినవాళ్ళు లేరు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా గేటు దగ్గరే నిలబడి కొలతలిస్తారు. రోజంతా నేను మాట్లాడేది దాంతోనే. అది వినదని తెలుసు. అయినా గాజు పెట్టెలో అలా ఒక్కతే చుట్టుకుని పడుకుంటే కుట్టు ఆపి చూస్తుండేదాన్ని. పాపం, దానికీ ఓ తోడుంటే బాగుండు అనిపించేది.

నూన్ కళ్ళు తెల్లబడి ఉన్నాయి. కుబుసం విడిచే ముందు అలాగే అవుతాయి, నాలుగైదు రోజులు దానికి సరిగా కనిపించదు. పురుగుల్ని ఓ మూల వదిలి, తొక్క తీసిన చెరకు ముక్క పక్కన పడేశాను. అవి దాన్ని పట్టుకుని వదల్లేదు. నూన్ వాటి వంక కూడా చూడలేదు. పాము పురుగుల్ని తింటుందా లేదా అన్నదొక్కటే నేను ఆలోచించింది.

పురుగులకు పెట్టే చెరకును దారం కట్టి చూరుకు వేలాడదీస్తారు ఇక్కడ, చీమలు పట్టకుండా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఆ సంగతి పెట్టె దగ్గర నా బుర్రకు తట్టలేదు.

మూడో రోజు పొద్దున లేచేసరికి గోడ మీంచి పెట్టె మూత దాకా ఎర్ర చీమల బారు. పురుగులు హాయిగా చెరకు నాకుతున్నాయి. నూన్ మెలికలు తిరుగుతోంది. సగం ఊడిన కుబుసం కింద, నోటి మూలల్లో, కళ్ళ చుట్టూ చీమలే. అయ్యో అయ్యో అని అరుస్తూ నీళ్ళతో కడిగి, దిండు గలీబులో వేసుకుని బస్సెక్కాను. దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను.

పశువుల డాక్టరమ్మ గాయాలన్నీ చూసి పెదవి విరిచింది.

"బయటి పురుగుల్ని ఎందుకు పెట్టావమ్మా? అవి వేరు, ఇది వేరు. పురుగు తిండికి చీమలొస్తాయి, దాని గోళ్ళకు పాము చర్మం చిరుగుతుంది, పొలాల్లో కొట్టే పురుగుమందు అంటుకుని రావచ్చు. పురుగును కాపాడాలనుకుంటే చెట్టు మీద వదలాలి."

"ఒక్కతే ఉందని..."

"పాముకు తోడు అక్కర్లేదు. ఒంటరితనం దానికి తెలియదు."

నాకు తెలుసు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"పది రోజులు రెండు పూటలా ఈ మందు రాయాలి. రాయకపోతే చీము పట్టి చస్తుంది. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు రాయాలి. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు," అన్నాను.

ఇంటికొచ్చి పురుగుల్ని పెరట్లో వెదురు పొద మీద వదిలి, మందు తీశాను. మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూశాను, మోచేత్తో నొక్కి చూశాను. నూన్ తల చుట్టల్లోకి దూర్చేస్తుంది. మందంతా నా లుంగీకే పూసుకున్నాను. చివరికి లేచి ఎదురింటికి నడిచాను. మామ మొద్దు దగ్గర ఒక్కడే ఉన్నాడు.

"ఏం, ఇంకా పురుగులు కావాలా?"

"కాదు మామా. ఆ రోజు పాడు మాట అన్నాను. తప్పు నాదే. తిట్టాలంటే తిట్టు, కానీ ఒక్కసారి రా. నాకు ఇంకో రెండు చేతులు కావాలి."

విషయం చెప్పాను. ఆయన మా ఇంటి గడప వంక చూశాడు.

"నాకు పాములంటే చచ్చే భయమే పేంగ్."

"తెలుసు."

వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. ఏడేళ్ళ తర్వాత నా గడప దాటిన మొదటి మనిషి ఆయనే. కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులతో నూన్ తల పట్టుకున్నాడు. నేను మందు రాశాను. అయిందన్నా వదల్లేదు, వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను.

చేతులు కడుక్కుని, నేనిచ్చిన టీ తాగి, గడప దగ్గర ఆగాడు.

"ఎన్నాళ్ళు రాయాలంది డాక్టరమ్మ?"

"ఇరవై రోజులు," అన్నాను.