మహేందర్ కూర్చున్న చోటు

పొద్దున రాగానే మహేందర్ చేసే మొదటి పని సర్వర్ గది తలుపు తీసి, డేటాబేస్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం. నిజామాబాద్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ పదకొండేళ్లుగా అతని చేతిలోనే ఉన్నాయి. మూడు నెలలుగా మాత్రం సర్వర్ ఉన్నట్టుండి మొరాయిస్తోంది. ఒక్క పేషెంటు ఫైలు తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది, కాసేపటికి దానంతటదే బాగయ్యేది. డిస్కు మార్చాడు, మెమరీ పెంచాడు, బ్యాకప్ వేళలు జరిపాడు. లాభం లేదు.

కారణం సింధూజ కనిపెట్టింది. బోధన్ నుంచి బస్సులో వచ్చే ఆ అమ్మాయి అతని కింద చేరి మూడు నెలలే అయింది. సర్వర్ ఆగిన వేళలన్నీ రెండు వారాల పాటు రాసి, ఆ కాగితం అతని ముందు పెట్టింది.

"అన్నా, ఏమనుకోకు. నిన్న పదకొండున్నరకు డాక్టరమ్మ నన్ను మెచ్చుకున్నది. గప్పుడే ఆగింది. సోమవారం గూడ గంతే."

తనకు కడుపు మండితే పక్కనున్నవన్నీ నెమ్మదిస్తాయని మహేందర్‌కు తెలియనిది కాదు. తమ్ముడికి సర్కారు కొలువు వచ్చిన రోజు పొయ్యి మీది అన్నం సాయంత్రానికి గానీ ఉడకలేదు. ఇంట్లోవాళ్లు అతన్ని వాకిట్లో కూర్చోబెట్టారు, అంతే. కానీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్లను చూసి ఓర్వలేకపోతున్నానని ఎలా ఒప్పుకుంటాడు?

ఆసుపత్రి నడిపే డాక్టర్ ఉమారాణి, ఆ కాగితం చూసి, అతని కుర్చీని ఎమర్జెన్సీ వార్డులో చీటీలు రాసే బల్ల దగ్గర వేయించి, సర్వర్ గదిని సింధూజకు ఇస్తూ ఆర్డరు తీసింది. ఆ రోజు అతని నెత్తి మీద ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నిదానంగా తిరిగాయి.

మధ్యాహ్నం తుకారాం అనే చెరుకు కోత కూలీని మోసుకొచ్చారు. తోటలో రక్తపింజర కరిచింది. విరుగుడు మందు నిండుకుంది, ఊళ్లో ఇంకోచోటి నుంచి రావాలి. మోకాలి దాకా ఎక్కిన వాపు, మహేందర్ పక్క మంచం మీద పడుకోబెట్టగానే అక్కడే నిలిచిపోయింది. ఉమారాణి ఆ అంచున పెన్నుతో గీత గీసి, మహేందర్‌ను కదలొద్దని చెప్పింది.

తుకారాం అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, మరాఠీలో కూతుర్ని తలచుకుంటూ ఏడ్చాడు. మహేందర్‌కు జాలేసింది. జాలేయగానే వాపు గీత దాటింది.

అతను వెంటనే సింధూజను పిలిపించాడు.

"నీ ఆర్డరు కాయిదం సదువు. నా గది నీకిచ్చిన ముచ్చట గట్టిగ సదువు."

ఆమె చదివింది. అతని కడుపు మండింది. వాపు ఆగింది. మళ్లీ చదవమన్నాడు, మళ్లీ మళ్లీ. మందు వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

సీసా వేలాడదీశారు. గొట్టం అంచున చుక్క వేలాడుతోంది గానీ రాలడం లేదు. లేచి పోదామంటే తుకారాం చెయ్యి వదలడం లేదు. మహేందర్ సింధూజ వైపు చూశాడు. ఆమె ఆ చుక్కనే చూస్తోంది.

"మూడు నెలలు నాకు దొరకనిది నువ్వు రెండు వారాలల్ల పట్టుకున్నవ్," అన్నాడు. "మంచి పనిమంతురాలివి బిడ్డా."

అనడం అదే మొదటిసారి. అన్నాక, అది నిజమే కదా అనిపించింది.

చుక్క రాలింది.