మైకు తీసేసిన గుర్తు

కుక్కర్ రెండో విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. నాకు పదకొండింటికి మీటింగుంది" అన్నారు. నాకూ పదకొండింటికే ఉందన్నాను. "నీది ఇంట్లోంచే కదా! ఫోన్లో విన్నా సరిపోతుంది. ఆ ఫైళ్ళేమైనా పారిపోతాయా?" అన్నారు, అప్పుడే నేను మడతపెట్టిన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ ఫైళ్ళు మూడు వారాలుగా నా ప్రాణం తీస్తున్నాయి. ఒక జలాశయం దగ్గర పాత యంత్రం ఒకటి, గంటకోసారి నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు మారిందో పందొమ్మిదేళ్ళ పాటు రాసిపెట్టింది. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది ఏ అంకెని ఎలా రాస్తుందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. ఫైలు మామూలుగా తెరిస్తే పిచ్చిగీతలు, ప్రశ్నార్థకాలు. అందులో ఉన్నవి అక్షరాలు కావు, బైట్లు, అంటే కంప్యూటరు అంకెల్ని దాచుకునే చిన్న చిన్న గళ్ళు. కొలతకి రెండేసి బైట్లు. ఆ రెండింట్లో పెద్ద స్థానం ముందో, చిన్న స్థానం ముందో తెలియకుండా చదివితే మూడు కాస్తా ఏడువందల అరవై ఎనిమిది అయి కూర్చుంటుంది. ఇదంతా నేను కనిపెట్టిందేమో కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ. "అమ్మాయ్, ఊరికే కూర్చున్నావుగా, నా మాత్రలు ఇటివ్వు" అని అత్తయ్య పిలిచినప్పుడల్లా లేచేదాన్ని. తిరిగొచ్చాక ఎక్కడ ఆగానో మర్చిపోయి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకునేదాన్ని. ఆరు గంటలు తెర ముందు కళ్ళు మండేదాకా చూస్తే మా ఇంట్లో దాన్ని ఊరికే కూర్చోవడమే అంటారు. చివరికి ఒకరోజు అంకెలన్నీ కూడి గీత గీస్తే, అది ఏటా వానల్లో లేచి ఎండల్లో దిగింది. ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. "పాలు పొంగిపోతున్నాయి, చూడు" అన్నారు మా ఆయన, స్టవ్ పక్కనే నిలబడి.

నిన్న మా టీమ్ లీడ్ ఫోన్ చేశారు. "అద్భుతం! నువ్వు చేసిందంతా ఒక పేజీలో రాసి మైకుకి పంపు. రేపు జలాశయం వాళ్ళకి అతను చూపిస్తాడు. నీకు ఇంట్లో బాధ్యతలుంటాయి, ఎందుకమ్మా ఒత్తిడి!" మైకు మా టీములోనే ఉంటాడు. మాటకారి అని అందరం పెట్టిన పేరది. అలా చూపించిన మనిషికే మిగతా నలభై జలాశయాల పనీ అప్పజెబుతారని ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్ళు మండిపోయింది. అయినా రాసి, ఆ ఫైళ్ళు చదవడానికి నేను రాసిన ప్రోగ్రాంతో సహా పంపాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

క్లినిక్‌లో అత్తయ్య కళ్ళలో చుక్కలు వేసి, అరగంట మూసుకుని ఉండమని వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన నేను, చెవిలో మీటింగు. "మేము చాలా కష్టపడి ఈ ఫైళ్ళు చదివాం" అంటున్నాడు మైకు. మేమట! ఇంతలో జలాశయం ఇంజనీరు అడ్డం తగిలాడు. "ఒక్క గంటలో నీళ్ళు ఏడున్నర మీటర్లు పెరిగాయా? అంత పెరిగితే ఆనకట్టా ఉండేది కాదు, నేనూ ఉండేవాణ్ణి కాదు." మైకు తడబడలేదు. "యంత్రం పాతది కదండీ, డేటాలోనే తప్పుంది" అన్నాడు. "అయితే ఈ పందొమ్మిదేళ్ళదీ పక్కన పడేద్దామా?" అన్నాడు ఇంజనీరు.

ఏడున్నర మీటర్లంటే నా పాత ఏడువందల అరవై ఎనిమిదే! ఏం మార్చావని మైకుకి మెసేజ్ పెట్టాను. "నీ ప్రోగ్రాంలో ఒక బాణం గుర్తు అనవసరంగా కనిపించింది, తీసేశా. ఎర్రరేం రాలేదే!" ఎర్రరెలా వస్తుంది నాయనా! ఏ బైటు ముందో చెప్పేది ఆ గుర్తే. అది తీసేస్తే కంప్యూటరు తన అలవాటు ప్రకారం తిరగేసి చదివేస్తుంది. తిరగేసి చదివినా ఆ ఫైలు నోరెత్తదు. పదేళ్ళుగా నా వరసా అదే.

అంతలో లీడ్ మెసేజ్. "ఎక్కడ తేడా వచ్చింది? అతనికి చాట్‌లో చెప్పు, తొందరగా. అతను సర్దుకుంటాడు." అలవాటైన వేళ్ళు, గబగబా జవాబు టైపు చేసేశాయి. పంపడమే తరువాయి.

"ఎందుకలా ఉస్సురంటున్నావ్?" అంది అత్తయ్య కళ్ళు తెరవకుండానే.

"ఆఫీసు, అత్తయ్యా. నేను చేసింది తప్పంటున్నారు."

"తప్పా?"

"కాదు."

"మరి నాకెందుకు చెప్తావ్? వాళ్ళతో చెప్పు" అంది చిరాగ్గా.

టైపు చేసింది చెరిపేసి మైకు ఆన్ చేశాను. మనిషి కాదు, ఫోన్లో మైకు. "ఆ ప్రోగ్రాం రాసింది నేను. డేటా శుభ్రంగా ఉంది. మావాడు తీసేసిన గుర్తు వెనక్కి పెట్టి మళ్ళీ నడపండి" అన్నాను. మైకు ఆ గుర్తు వెనక్కి పెట్టి మళ్ళీ నడిపాడు. తర్వాత ఇంజనీరు గొంతు. "మూడు సెంటీమీటర్లు. ఆఁ, ఇది నమ్ముతాను. ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

"మా టీములో అమ్మాయే. ఇంట్లోంచి సాయం చేస్తుంటుంది" అన్నారు లీడ్.

"సాయం కాదండీ, ఈ పని మొత్తం నాది. మిగతా నలభై జలాశయాలవీ నేనే చదువుతాను, నేనే చూపిస్తాను. నా బదులు మాట్లాడమని ఇంకెవరికీ పేజీలు రాసివ్వను" అన్నాను. ఇంజనీరు, "మాక్కూడా ఆవిడైతేనే నయం" అన్నాడు. లీడ్ గొంతు సవరించుకున్నారు.

మీటింగు అయీ అవకముందే మా ఆయన ఫోన్. అయిందా, ఎప్పుడొస్తారు, భోజనం సంగతేంటి అని వరసపెట్టి అడిగారు.

"మీ అమ్మగారికి ఇంకో గంట పడుతుంది. ఈసారికి నేనే తీసుకొస్తాను. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు, అప్పుడు మీరు తీసుకురండి. రేపటినుంచి నేను ఆఫీసుకెళ్ళి పనిచేస్తాను" అన్నాను.



"ఎవర్ని అడిగి నిర్ణయించావ్?" అన్నారు.

"ఎవర్నీ అడగలేదు" అన్నాను.